సాయంత్రాలు మాత్రమే వచ్చే బర్రె

నవనీతకు మొదటిసారి గంట వినిపించింది శ్రావణమాసం మొదట్లో, ఆఫీసులు వదిలే వేళకు. బర్రె మెడలో కట్టే ఇత్తడి గంట. మేస్తూ మేస్తూ ఒక్కో అడుగు ముందుకు వేసే పశువు మెడలో ఎలా మోగుతుందో అలాగే, తొందర లేకుండా మోగింది. కానీ అక్కడ గడ్డి లేదు, పశువు లేదు. నానక్‌రామ్‌గూడ దగ్గరి ఒక గాజు భవనానికి నేల కింద మూడు అంతస్తుల పార్కింగు ఉంది. అందులో అట్టడుగున ఉన్నదాన్ని అందరూ బీ-త్రీ అంటారు. నవనీత అక్కడే, ర్యాంపు దిగగానే ఉండే చిన్న అద్దాల గదిలో కూర్చుని, వచ్చే కార్లకు ఖాళీ ఎక్కడుందో చూపిస్తుంది.

ఆమె మెట్టినిల్లు ఆ ఊరే. టవర్లు రాకముందు నానక్‌రామ్‌గూడ బండరాళ్ళ మధ్య ఉన్న పల్లె. కాపురానికి వచ్చిన నాటినుంచీ అత్తగారింటి బర్రెల పాలు పిండింది, పేడ ఎత్తింది, పిడకలు చరిచింది. మేపుకునే చోటుకల్లా కంచెలు పడ్డాక బర్రెలను ఒక్కొక్కటే అమ్మేశారు. ఒక్క చంద్రిని మాత్రం అమ్మలేదు. ముసలిది, ఎడమ కొమ్ము కిందికి వంగి చెంపను తాకుతుండేది. కొనేవాళ్ళు లేక అది కొట్టంలోనే ఉండి, చివరికి ఒక ఎండాకాలం అక్కడే పోయింది. ఆ తర్వాత నవనీత భర్త నరేందర్ షేర్ ఆటో కొన్నాడు. ఆమె పార్కింగు పనిలో చేరింది. నీలం చొక్కా, మెడలో విజిల్, చేతిలో ఎర్ర లైటు కర్ర. ఆ పని ఆమెకు నచ్చింది కూడా. బర్రెల మందను మళ్ళించినదానికి కార్ల మందను మళ్ళించడం కష్టమా?

గంట విన్న రోజు ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఎండాకాలం చివర్లో మోటారు కాలిపోయి, గోడల్లోని పెద్ద ఫాన్లు ఆగిపోయాయి. కొత్త మోటారు వస్తుందని అంటూనే ఉన్నారు. అంతకుముందు ఆ ఫాన్ల హోరులో ఏమీ వినిపించేది కాదు. ఇప్పుడు కింద అంతా నిశ్శబ్దం. ఎక్కడో ఇనుప గొలుసు కదిలి ఉంటుందిలే అనుకుంది.

మర్నాడు సాయంత్రం మళ్ళీ మోగింది. ఈసారి స్తంభాల వెనకనుంచి. లేచి వెళ్ళి చూస్తే వరసగా కార్లు, వెనక లైట్లు ఎర్రగా వెలిగించుకుని ర్యాంపు వైపు కదులుతున్నాయి. తిరిగి వచ్చి కూర్చోగానే మెడ వెనక వెచ్చటి ఊపిరి తగిలింది. పాలు పిండేటప్పుడు బర్రె తల తిప్పి భుజం మీద వదిలే ఊపిరి. నవనీత వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏముంటుందో ఆమెకు తెలుసు.

ఆ రాత్రి అన్నాలు తింటున్నప్పుడు నరేందర్‌తో చెప్పింది.

"చంద్రి వస్తుందయ్యా, కిందికి."

"ఏ చంద్రి?"

"మన చంద్రే. గంట చప్పుడు గుర్తుపట్టనా నేను?"

నరేందర్ నవ్వలేదు. కంచంలోంచి చెయ్యి తీసి ఆమె ముఖంలోకి చూశాడు. "రేపు జర తొందరగ వస్తానని అడుగు. నిద్ర సాలుతలేదు నీకు."

నిద్ర చాలకే అనుకుందామన్నా, తెల్లవారేసరికి ఆమె హాయిగానే ఉండేది. పొద్దున కార్లు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నంతసేపు గంటా లేదు, ఊపిరీ లేదు. ఆదివారాలు అసలే లేదు. చీకటి పడబోయే వేళకు, పైనుంచి ఉద్యోగులు గుంపులుగా దిగి కార్లు తీయడం మొదలుపెట్టాక వచ్చేది. ముందు తలకు ఎవరో పట్టీ బిగించినట్టుండేది. కడుపులో తిప్పేది. ఆ తర్వాత గంట. డ్యూటీ దిగి, ర్యాంపు ఎక్కి, ఆటోల దగ్గరికి నడిచేసరికి అంతా తేలికైపోయేది. అది గేటు దాటి రాదని ఆమెకు అర్థమైంది. ఆ సంగతి తెలిశాక భయం తగ్గకపోగా పెరిగింది. దానికి ఇల్లంటూ ఉందన్నమాట. ఆ ఇల్లు తాను కూర్చునే చోటే.

ఒకరోజు దాన్ని చూసింది. దూరంగా, ట్యూబులైటు సరిగా వెలగని మూలకు, రెండు తెల్లకార్ల మధ్య నల్లటి వీపు. వీపు మీద ఎముకలు పొడుచుకు వచ్చి ఉన్నాయి. తల వంచి నేల మీద ఏదో మేస్తోంది.

ఈ సంగతి ఆమె ఇంకొక్కరికే చెప్పింది. చెన్నకేశవులు నారాయణపేట వైపు నుంచి వచ్చిన డ్రైవరు. పైనున్న ఏదో కంపెనీలో పెద్ద ఆఫీసరును పొద్దున దింపి, సాయంత్రందాకా కిందే కాచుకుని ఉంటాడు. ఉక్కపోత భరించలేక, మధ్యాహ్నం దాటాక చివరి వరసలో కారు ఆన్ చేసుకుని, ఏసీ పెట్టుకుని కునుకు తీస్తాడు. ఆఫీసరు దిగే వేళకు నవనీతే వెళ్ళి అద్దం మీద తట్టి లేపుతుంది.

ఆమె చెప్పింది విని చెన్నకేశవులు అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"నాకు బర్రె కనపడలేదక్కా. నన్నెవరో పిలుస్తున్నరు."

"ఎవరు?"

"మా అమ్మ లెక్కనే ఉంది గొంతు. కేశా, లే కేశా అని. ఆమె పోయి శానా ఏండ్లయింది. కన్ను తెరుస్తే ఎవ్వరుండరు. తల పగిలిపోతుంటది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఎవరిది వాళ్ళ కోసమే వస్తున్నట్టుంది.

ఈ మాట ఊడ్చే ఆడవాళ్ళ చెవిన పడింది. వాళ్ళు సాయంత్రం పూట బీ-త్రీకి దిగేది లేదన్నారు. సెక్యూరిటీ సూపర్వైజరు బాలనర్సయ్య భయపడేవాడేం కాదుగానీ, పని ఆగిపోతుంటే ఊరుకోలేక, ఒక పొద్దున పంతులును పిలిపించి గుమ్మడికాయ కొట్టించాడు. పసుపు నీళ్ళు చల్లించాడు. ఆ పూట అందరికీ ధైర్యం వచ్చింది. పొద్దున ఎప్పుడూ ఏమీ ఉండదు కాబట్టి ధైర్యం రావడంలో వింతేమీ లేదు.

"దయ్యానికి కూడా వీకాఫ్ ఉంటదా నవనీతా? ఆదివారం రాదంట గదా," అని బాలనర్సయ్య పరాచికమాడాడు. ఆ మాటకు అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. సాయంత్రం మళ్ళీ గంట మోగింది.

వాన కుమ్మరించిన రోజు సంగతి ఐటీ కారిడార్లో పనిచేసేవాళ్ళకు ఇప్పటికీ గుర్తుంటుంది. మధ్యాహ్నమే మబ్బు కమ్మి, ఆఫీసులు వదిలే వేళకు రోడ్లు కాలువలయ్యాయి. కొత్తగూడ నుంచి గచ్చిబౌలి దాకా ఎక్కడి బండి అక్కడే. భవనం గేటు ముందు మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. వాన నీళ్ళు లోపలికి రాకుండా ఒక ర్యాంపుకు షట్టరు దింపేశారు. రెండోదాని మీద కార్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడిపోయాయి. బయటికి పోయే దారి లేదు, అయినా ఎవరూ ఇంజను ఆపలేదు. అద్దాలు ఎక్కించుకుని, ఏసీలు పెట్టుకుని, ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. వరస ర్యాంపు పైనుంచి వంకర తిరిగి బీ-త్రీ నడిమిదాకా వచ్చింది.

గంట ఆ రోజు దూరంగా మోగలేదు. నవనీత చెవిలోనే మోగింది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. గది తలుపు పట్టుకుని నిలబడింది. చెన్నకేశవులు ఇంకా రాలేదే అన్న ఆలోచన ఎక్కడినుంచో నెమ్మదిగా వచ్చింది. తాను వెళ్ళి లేపలేదు. రోజూ లేపే వేళ ఎప్పుడో దాటిపోయింది.

చివరి వరసకు వెళ్ళే దారిలో చంద్రి నిలబడి ఉంది.

ఈసారి వీపు మాత్రమే కాదు, మొత్తం కనిపించింది. కిందికి వంగి చెంపను తాకే కొమ్ము, కళ్ళ కింద కారిన నీటి చారలు, నిండిన పొట్ట. దారికి అడ్డంగా, స్తంభానికీ స్తంభానికీ మధ్య నిలబడి ఆమెనే చూస్తోంది. అటు పోవాలంటే దాన్ని దాటుకునే పోవాలి.

"జరుగవే, చంద్రీ," అంది నవనీత. బర్రె జరగలేదు.

ఆమె కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ ముందుకు చాచి నడిచింది. వెచ్చటి గాలి ముఖానికి తగిలింది, చేతులకు తగిలింది, ఒళ్ళంతా చుట్టుకుంది. చర్మం తగలలేదు, వెంట్రుక తగలలేదు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా చెన్నకేశవులు కారు ఉంది.

ఇంజను నడుస్తోంది. సీటు వెనక్కి వాల్చుకుని, నోరు కొద్దిగా తెరిచి, ఎప్పుడూ పడుకునేలాగే పడుకున్నాడు. ఆమె అద్దం తట్టింది. పేరు పెట్టి పిలిచింది. విజిల్ ఊదింది. కళ్ళు తెరవలేదు. గోడకు తగిలించిన, మంటలార్పే ఎర్ర సిలిండరును లాగి, దాని అడుగుతో అద్దం మీద కొట్టింది. రెండో దెబ్బకు అద్దం పొడిపొడి అయింది. లోపలికి చెయ్యి పెట్టి తలుపు తీసి, తాళం తిప్పి ఇంజను ఆపింది. అతని చంకల్లో చేతులు వేసి లాగబోతే బలం చాలక తానే కూలబడింది.

పాకుతూ, లేస్తూ వచ్చి ఆగి ఉన్న కార్లలో మొదట దొరికినదాని అద్దం బాదింది. అందులో ఉన్న అమ్మాయి ఉలిక్కిపడి అద్దం దించింది. రోహిణి అనే ఆ అమ్మాయిని నవనీత రోజూ చూస్తుంది. కూకట్‌పల్లి నుంచి వస్తుంది, కారు కంపెనీలకు ఇంజన్ల సాఫ్ట్‌వేరు రాసే ఆఫీసులో పని.

"మేడం, డ్రైవరు లేస్తలేడు. నాకు బర్రె కనపడుతుంది. జర రండి."

ఆ మాటల్లో పొంతన లేదని రోహిణికి తోచింది. కారు దిగి నిలబడగానే తన తల కూడా గిర్రున తిరిగింది. అరగంటగా నెత్తి మీద సుత్తితో కొడుతున్నట్టుంటే వాన వల్లనే అనుకుంది. ఎదురుగా వరస కట్టి ఆగిన కార్లను, కదలని గోడ ఫాన్లను, నిలబడలేక స్తంభాన్ని పట్టుకున్న ఈ మనిషిని చూసింది. చూస్తుండగానే ముఖం పాలిపోయింది.

"ఇంజన్లు ఆపండి," అని అరిచింది. "అందరూ ఆపేసి పైకి నడవండి. ఇక్కడి గాలి పీల్చకూడదు."

కొందరు ఆపారు. కొందరు ఏమైందని అడుగుతూ కూర్చున్నారు. ఒకాయన వానలో తడవమంటావా అని విసుక్కున్నాడు. రోహిణి ఒక్కో కారు దగ్గరికీ వెళ్ళి తలుపులు తెరిచి మరీ దింపింది. దిగినవాళ్ళలో ఇద్దరు అక్కడే వాంతి చేసుకున్నాక ఇక ఎవరూ వాదించలేదు. నలుగురు పట్టుకుని చెన్నకేశవులును మోసుకుంటూ ర్యాంపు ఎక్కారు. వానలో, మోకాలి లోతు నీళ్ళలో అందరూ నోళ్ళు తెరుచుకుని గాలి పీల్చారు. నవనీత వెనక్కి తిరిగి చూసింది. ర్యాంపు గొంతు చీకటిగా ఉంది. అక్కడ పొగ లేదు, వాసన లేదు. అసలేమీ లేదు.

దవాఖానలో ఆమె ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ తొడిగారు. నరేందర్ మంచం పక్కనే కూర్చుని ఆమె చెయ్యి వదల్లేదు. డాక్టరు వచ్చి ఆమె చూసినవన్నీ ఓపికగా విని, నరేందర్ వైపు తిరిగాడు.

"షేర్ ఆటో నడుపుతానన్నావు కదా. నీ బండిలో సీట్లన్నీ ఎవరో ముందే ఎక్కేసి దిగమని మొండికేస్తే, స్టాపులో నిలబడ్డవాళ్ళ సంగతి ఏంటి?"

"ఎక్కలేరు సార్."

"రక్తంలో జరిగేదీ అదే. ఆక్సిజన్ ఎక్కాల్సిన చోటల్లా కార్లు వదిలే ఈ గ్యాసు ఎక్కి కూర్చుంటుంది. ఒకపట్టాన దిగదు. మెదడుకి ఆక్సిజన్ అందకపోతే చెవుల్లో మోతలు వస్తాయి, లేనివి కనిపిస్తాయి. ఎవరికి బాగా తెలిసింది వాళ్ళకి కనిపిస్తుంది."

మర్నాడు రోహిణి పలకరించడానికి వచ్చింది. నవనీత మంచం మీద కూర్చుని ఉంది. తల తేలికపడింది. కానీ ఒక్క సంగతి ఆమెకు మింగుడు పడలేదు.

"కార్లకు పొగే రాలేదు మేడం. పొగొస్తే నాకు తెలువదా? కొట్టంల దోమలకు ఎన్నేండ్లు పొగ వెట్టిన."

"పొగ కనిపిస్తే మనమే పారిపోతామండి. దీనికి రంగూ లేదు, వాసనా లేదు," అంది రోహిణి. "పెట్రోలు పూర్తిగా కాలడానికి సరిపడా గాలి కావాలి, కొంచెం టైమూ కావాలి. ఇంజన్లో దానికి రెప్పపాటు కూడా దొరకదు. కాలీకాలకముందే బయటికి తోసేస్తుంది. పూర్తిగా కాలినది కార్బన్ డయాక్సైడూ నీటి ఆవిరీ అయిపోతుంది. సగంలో ఆగినదే ఈ కార్బన్ మోనాక్సైడు."

"అన్ని కార్లకూ గిట్లనే ఉంటదా?"

"ఉంటుందండి. అందుకే కారు అడుగున దాన్ని శుభ్రం చేసే డబ్బా ఒకటి పెడతారు. కానీ అది బాగా వేడెక్కితేగానీ పని చెయ్యదు. పైగా చల్లటి ఇంజను ఊరికే అంటుకోదు, పెట్రోలు ఎక్కువ పోయాలి. మీరు తడి పిడకలు రాజెయ్యడానికి కిరోసిను ఎక్కువ పోస్తారు చూడండి, అలాగన్నమాట. పోసింది ఎక్కువ, గాలి తక్కువ. ఆ కాసేపట్లో వచ్చేదంతా విషమే."

నవనీత ఆలోచించింది. "పొద్దుగాల కార్లు..."

"పొద్దున మీ దగ్గరికొచ్చే కార్లు అప్పటికే రోడ్డు మీద కాగి వస్తాయండి. పగలంతా కింద నిలబడి చల్లారిపోతాయి. సాయంత్రం అందరం ఒక్కసారే స్టార్ట్ చేస్తాం."

చంద్రి సాయంత్రాలే ఎందుకు వచ్చేదో, ఆదివారం ఎందుకు రాలేదో నవనీతకు ఇప్పుడు తెలిసింది. తెలిశాక ఊరట కలగాల్సింది. కలగలేదు. చచ్చిన బర్రె వచ్చిందంటే ఏదో ప్రేమ కొద్దీ వచ్చిందనుకోవచ్చు. ఇది ఎవరినీ ఎరగదు.

"మరి ఎక్కువ మంట వెట్టి మొత్తం కాలపెట్టరాదా మేడం?"

రోహిణి చిన్నగా నవ్వింది, సంతోషం లేకుండా. "పెడితే ఇంకొకటి పుడుతుందండి. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం నైట్రోజనే. అది మామూలుగా దేనితోనూ కలవదు, ఎవరి జోలికీ పోదు. ఇంజన్లో వేడికి మాత్రం అది కూడా ఆక్సిజన్‌తో కలిసి విషమవుతుంది. పెట్రోలులోంచి కాదు, శుభ్రమైన గాలిలోంచే పుడుతుందది. సాయంత్రం టవర్ల వెనక ఆకాశం గోధుమరంగుగా ఉంటుంది చూడండి, అందులో అది కూడా ఉంది. వేడి పెంచితే ఇది ఎక్కువ, తగ్గిస్తే అది ఎక్కువ. ఈ రెండిటి మధ్యా నలగడమే మా ఉద్యోగం."

భవనం వాళ్ళు మోటారు మార్చారు. బీ-త్రీ గోడల మీద గాలిని కనిపెట్టే చిన్న డబ్బాలు ముందునుంచీ ఉన్నాయి. రంగులు వేసేటప్పుడు మరకలు పడతాయని వాటి మీద అంటించిన టేపును ఎవరూ పీకలేదని అప్పుడు బయటపడింది. బాలనర్సయ్య తానే నిచ్చెన వేసుకుని ఒక్కొక్కటీ పీకాడు. ఆ తర్వాత పరాచికాలు మానేశాడు.

చెన్నకేశవులు బతికాడు. చాలా రోజులు ఐసీయూలో ఉండి, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. మళ్ళీ డ్యూటీకి వస్తానక్కా అని ఫోన్లో చెప్పాడు. తర్వాత కొన్ని వారాలకు అతని భార్య జయలక్ష్మి ఫోన్ చేసింది. ఆమె గొంతు విని నవనీత, నరేందర్ ఆ ఆదివారమే వాళ్ళ ఊరు వెళ్ళారు.

వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు చేసాడు, గడ్డం చేయించుకున్నాడు. రెండు చేతులూ ముందుకు పెట్టి గాలిలో ఏదో పట్టుకున్నట్టున్నాడు. కుడి చెయ్యి మెల్లగా కిందికి దిగితే ఎడమ చెయ్యి పైకి వస్తోంది. స్టీరింగు తిప్పుతున్నాడని నవనీతకు ఆలస్యంగా అర్థమైంది.

"మంచిగనే ఉండెనక్కా, ఇంటికొచ్చినంక," అంది జయలక్ష్మి. "నెల దాటినంక మరుపు మొదలైంది. పిల్లల పేర్లు మర్చిపోయిండు. డాక్టరును అడిగితే అప్పుడప్పుడు ఇట్లనే అయితదంట, ముందు బాగనిపించి తర్వాత తిరగవెడతదంట. కొందరికి మెల్లగ నయమైతదని కూడ చెప్పిండు."

నవనీత అతని పక్కన కూర్చుంది. "తమ్మీ, నేను నవనీతను."

అతను ఆమెను గుర్తుపట్టాడు. ముఖం విప్పారింది. "అక్కా," అన్నాడు, ఎంతో మర్యాదగా. "కింద నిండిపోయిందా? నాకింత జాగ ఉంటదా?"

"ఉంటది," అంది నవనీత.

తిరుగు ప్రయాణంలో నరేందర్ బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ మర్నాటినుంచి సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడితే చాలు, ఆటో ఇంజను ఆపేస్తాడు. వెనకాలవాళ్ళు హారన్ కొడితే కొట్టనిస్తాడు.

నవనీతను పైన గేటుకు మార్చారు. అక్కడ వానా ఎండా ఉన్నాయి, గాలి ఉంది. ఎప్పుడైనా సాయంత్రం టవర్ల నడుమ ఆకాశం మట్టి రంగుకు తిరిగితే, ఒకప్పుడు దుమ్మే అనుకునేది. ఇప్పుడు అలా అనుకోదు. కింద బీ-త్రీ గదిలోకి రుక్కమ్మ అనే కొత్త మనిషి వచ్చింది. నెమ్మదస్తురాలు, మూడో కొడుకు దగ్గర ఉంటుంది.

చలికాలం వచ్చింది. మొదటి అంతస్తులో కొత్తగా దిగిన ఆఫీసువాళ్ళు, ఫాన్ల హోరుకు మీటింగుల్లో మాటలు వినబడటం లేదని మెయిల్ పెట్టారు. సాయంత్రం పూట కొంచెం స్పీడు తగ్గిస్తే ఏమైనా ఇబ్బందా అని అడిగారట. ఆ మాట బాలనర్సయ్యే నవనీతకు చెప్పాడు. డ్యూటీ దిగాక ఆమె ఇంటికి పోకుండా ర్యాంపు దిగి కిందికి వెళ్ళింది. కార్లు బయలుదేరుతున్నాయి. గోడల్లో ఫాన్ల హోరు కొంచెం తగ్గినట్టుంది. రుక్కమ్మ గది బయట స్టూలు మీద కూర్చుని ఉంది.

"తల నొస్తుందా, రుక్కమ్మా?"

"లేదక్కా. ఎందుకు?"

"కడుపుల తిప్పుతుందా? ఎవరన్న పిలిచినట్టు అనిపిస్తుందా?"

రుక్కమ్మ ఆమెను వింతగా చూసింది. కొంచెం సేపు ఆలోచించి, తడబడుతూ, "పిలుసుడేం లేదు గని..." అని ఆగిపోయింది.

నవనీత ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. "పైకి నడువు. ముందు గాలికి పోదాం. తర్వాత చెబుదువు."

ఇద్దరూ ర్యాంపు ఎక్కుతుంటే పక్కనుంచి కార్లు ఒకదాని వెనక ఒకటి, చల్లటి ఇంజన్లతో, మెత్తగా పైకి సాగిపోయాయి.